వోల్నే ప్రెమియే క్రూ 2019: ఊరి గుణం కన్నా ఎండ గుణమే ఎక్కువగా తెలుస్తోంది

సోన్_గట్టు

నేను లియోన్‌లో ఉంటున్నాను. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు ఎర్ర వైన్ల మీద నాకు ఇష్టం కలిగించింది వోల్నే అనే ఊరు. ఆ ఊరి 2021 వైన్ తాగినప్పుడు దాని పలుచని ఎరుపు రంగు, చిరు పులుపు, పూల పరిమళం, మింగిన తరువాత కూడా చాలాసేపు నాలుక మీద నిలిచే రుచి నన్ను కట్టిపడేశాయి. ఆ ఇష్టంతోనే, అందరూ మెచ్చుకుంటున్న 2019 సంవత్సరపు ప్రెమియే క్రూ (పేరున్న మేలి మడుల వైన్, పై నుంచి రెండో మెట్టు) సీసాలు కొన్ని, నా తాహతుకు మించిన ధర పెట్టి కొన్నాను. మొన్న వాటిలో ఒకటి తెరిచాను.

రంగు చిక్కగా, నేరేడు పండు రంగుకు దగ్గరగా ఉంది. వాసనలో తాజా పండు కన్నా ఉడికిన చెర్రీ పండే ముందుగా తెలిసింది. మింగిన తరువాత గొంతులో వెచ్చదనం మిగిలింది. సీసా మీద ఆల్కహాల్ 14 శాతం అని ఉంది. వైన్ చెడిపోలేదు, బిరడా వాసన కూడా లేదు. విడిగా చూస్తే మంచి వైనే. కానీ పేరు చెప్పకుండా ఇస్తే ఇది వోల్నే అని నేను గుర్తుపట్టలేకపోయేవాడిని.

2019లో వేసవి వేడిగా, వానలు లేకుండా గడిచిందని, అందుకే అది గొప్ప సంవత్సరమని దుకాణాల వాళ్లు రాస్తున్నారు. ఎండ బాగా కాసిన ప్రతి సంవత్సరాన్నీ గొప్ప సంవత్సరం అనడం న్యాయమేనా? పినో న్వార్ వంటి సున్నితమైన ద్రాక్షకు అంత ఎండ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

కొత్తచిగురు

ఎంత ఉష్ణోగ్రత దగ్గర తాగారు? జులైలో లియోన్‌లో గది వేడికి వదిలేసి తాగితే ఏ వైన్‌లోనైనా ఆల్కహాలే ముందు తెలుస్తుంది.

సోన్_గట్టు

నేలమాళిగలోంచి తెచ్చి 15 డిగ్రీల దగ్గర పోశాను. గ్లాసులో అది మెల్లగా 18 దాకా పెరిగి ఉంటుంది. మొదటి గుక్క నుంచీ అదే రుచి కనుక ఉష్ణోగ్రత కారణం కాదనే అనుకుంటున్నాను. గ్లాసు కూడా వెడల్పైనదే.

వగరు_ప్రియ

నేను మీతో ఏకీభవించలేను. బర్గండీ అంటే పలుచగా, పుల్లగా, నాజూకుగా ఉండాలన్న అభిప్రాయం చల్లని సంవత్సరాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఏర్పడింది. ఆ రోజుల్లో ద్రాక్ష పూర్తిగా పండటమే గగనంగా ఉండేది. అందుకే 1970లలో, 1980లలో చాలామంది పులిసే రసంలో చక్కెర కలిపేవారు. ఆ పద్ధతికి చట్టం అనుమతి ఉంది, ఎవరూ దాచిపెట్టలేదు. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది. ఇప్పుడు మనం సాంప్రదాయికమైన బర్గండీ అని తలచుకునే ఎన్నో పాత సీసాల్లోని 13 శాతంలో ఒక వంతు ద్రాక్షది కాదు, బస్తాలో వచ్చిన చక్కెరది.

2019 వంటి సంవత్సరంలో రైతు ఏమీ కలపనక్కర లేకుండా 13.5, 14 శాతం తనంతట తానే వచ్చింది. పూర్తిగా పండిన ద్రాక్షను తప్పుపట్టి, అరకొరగా పండి చక్కెర సాయంతో నిలబడిన దానిని ఆదర్శమనడం నాకు సబబుగా తోచదు. నాకు ఎండ సంవత్సరాలే ఇష్టం. 2009 తాగినప్పుడు కలిగిన ఆనందం 2021 నాకు ఎన్నడూ ఇవ్వలేదు.

పాత_సీసా

వగరు_ప్రియ గారు చెప్పిన చరిత్ర నిజమే. అయితే చక్కెర కలిపినప్పుడు ఆల్కహాల్ మాత్రమే పెరుగుతుంది, పులుపు ఉన్నచోటే ఉంటుంది. ఎండకు పండినప్పుడు ఆల్కహాల్ పెరుగుతూ పులుపు తగ్గుతుంది. సోన్_గట్టు గారి బాధ ఆల్కహాల్ ఎక్కువైందని కాదు, దాన్ని మోయగలిగిన పులుపు కనపడటం లేదని.

పైగా "ఎండ సంవత్సరాలు" అంటూ అన్నింటినీ ఒకే మూటలో కట్టడం నాకు ఒప్పుకోలు కాదు. నేను లండన్‌లో చాలా కాలంగా ఈ వైన్లను కొని దాచి తాగుతున్నాను. 1976లో కరవు వచ్చింది. తొక్కలు మందమై వగరు గట్టిపడింది. ఆ వైన్లలో చాలా వాటిలో వగరు మెత్తబడే లోపే పండు రుచి ఆరిపోయింది. 2003లో ఆగస్టు వడగాలులకు యూరప్ అంతా విలవిలలాడింది, కోత ఆగస్టులోనే మొదలైంది, పులుపు ఎంత పడిపోయిందంటే రసంలో ఆమ్లం కలుపుకోవడానికి ఆ ఏడాది ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. 2005 కూడా పొడి సంవత్సరమే, కానీ వడగాలుల సంవత్సరం కాదు. వేసవి అంతా ఎండ నిలకడగా కాసింది, సెప్టెంబరు మొదట్లో తగుమాత్రం వాన పడింది, ఆ తరువాత కోశారు. ఈ శతాబ్దపు ఉత్తమ సంవత్సరాల్లో అది ఒకటి. తెరిచి తాగిన వారిలో సగం మందిని పదేళ్లకు పైగా నిరాశపరిచింది కూడా అదే, ఎందుకంటే వగరు అంతగా బిగుసుకుని ఉండేది. 2009 మొదటి రోజు నుంచే మెత్తగా, అందరికీ నచ్చేలా ఉంది. 2015లో చిక్కదనంతో పాటు నిలకడ కూడా ఉంది. 2018లో కొన్ని అద్భుతంగా వచ్చాయి, కొన్ని 14.5 శాతం దాటి బరువెక్కాయి. వీటన్నింటికీ ఒకే తీర్పు ఎలా చెప్పగలం?

వగరు_ప్రియ

2003ను నేను సమర్థించడం లేదు. అది విపరీతం. దాన్ని చూపించి 2019ని తక్కువ చేయవద్దని మాత్రమే నా మనవి.

విశాఖ_తీరం

సీసా మీద రాసిన 14 శాతాన్ని మరీ ఖచ్చితంగా తీసుకోకండి. యూరప్ నిబంధనల ప్రకారం ఆ అంకెను పూర్ణాంకంగానో అర అంకెతోనో రాయాలి, అసలు శాతానికీ దానికీ అర శాతం వరకు తేడా ఉండవచ్చు. మీ వైన్ 13.6 కావచ్చు, 14.4 కూడా కావచ్చు.

సున్నపురాయి

సోన్_గట్టు గారి ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. వేడి వేరు, నీటి ఎద్దడి వేరు. తీగ మీద రెండూ ఒకే విధంగా పనిచేయవు. నేను దిజోన్‌లో ద్రాక్ష సాగు చదువుకుంటూ కోతల కాలంలో బోన్ చుట్టుపక్కల తోటల్లో పనిచేశాను కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ద్రాక్షలో పులుపు ముఖ్యంగా రెండు ఆమ్లాల వల్ల వస్తుంది. మాలిక్ ఆమ్లాన్ని కాయ తన శ్వాసకే ఖర్చు చేసుకుంటుంది. వేడి పెరిగేకొద్దీ, అందులోనూ రాత్రులు చల్లబడకపోతే, ఆ ఖర్చు ఎక్కువవుతుంది. టార్టారిక్ ఆమ్లం అంత తేలికగా తరగదు. 2003 ఆగస్టులో రాత్రులు కూడా ఉక్కగా ఉండటం వల్ల మాలిక్ ఆమ్లం అడుగంటింది. అది వేడి చేసిన పని.

నీటి ఎద్దడి మరో రకం. కొద్దిపాటి ఎద్దడి మంచిదే, కాయలు చిన్నవిగా ఉండి రసం కన్నా తొక్క పాలు పెరుగుతుంది, రంగూ పరిమళమూ చిక్కబడతాయి. ఎద్దడి హద్దు దాటితే మాత్రం తీగ తన ఆకుల రంధ్రాలను మూసుకుని పని ఆపేస్తుంది. ఆ తరువాత కాయలో తీపి పెరిగినట్టు కనిపించినా అది కొత్తగా తయారైన చక్కెర కాదు, నీరు ఆవిరైనందువల్ల మిగిలిన చిక్కదనం. తొక్క, గింజ మాత్రం పచ్చిగానే ఉండిపోతాయి. 1976లో జరిగింది ఇదేనని పాత_సీసా గారి వర్ణనను బట్టి అర్థం చేసుకోవచ్చు.

2019లో ఏప్రిల్ మంచు కొంత నష్టం చేసింది, పూత సమయంలో వాతావరణం సరిగా లేక గుత్తుల్లో చాలా కాయలు చిన్న పూసల్లా మిగిలాయి. ఆ తరువాత జూన్ చివర, జులై చివర వడగాలులు వచ్చాయి. పంట తక్కువ, కాయ చిన్నది, నీరు తక్కువ. చారు ఎక్కువసేపు మరిగితే ఉప్పూ పులుపూ రెండూ పెరుగుతాయి కదా, అలాగే 2019లో తీపితో పాటు పులుపు కూడా చిక్కబడింది. అందుకే ఆ సంవత్సరాన్ని నిపుణులు మెచ్చుకున్నారు, ఎండ కాసినందుకు కాదు. 2020 ఇంకా విచిత్రం. అంత ముందుగా, ఆగస్టు ద్వితీయార్ధంలోనే కోసినా చాలా తోటల్లో పులుపు ఆశ్చర్యకరంగా నిలిచింది.

కనుక మీ సీసాలో పులుపు ఉండి ఉండాలి. అది ఇప్పుడు ఎందుకు కనపడలేదన్నది చూడవలసిన విషయం. ఏ మడిలోది? ప్రెమియే క్రూ అంటే సరిపోదు, మడి పేరు చెప్పండి.

సోన్_గట్టు

షాంపాన్ అనే మడి. ఊరికి కింద, వాలు మధ్యలో ఉంటుందని పటంలో చూశాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం బాగుండదు, వదిలేస్తున్నాను.

కొత్తచిగురు

వోల్నేలో అన్నిటికన్నా పై మెట్టైన గ్రాన్ క్రూలు లేవా?

పాత_సీసా

లేవు, ప్రెమియే క్రూలే అక్కడ పై మెట్టు. వోల్నే పేరు మీద వచ్చేది ఎర్ర వైన్ మాత్రమే. కయ్యెరే, షాంపాన్, తాయ్‌పియే, క్లో దె షేన్, క్లో దె దుక్ వంటివి పేరున్న మడులు. పక్కనే ఉన్న పొమ్మార్ వైన్ గట్టిగా, వగరుగా ఉంటుందని, వోల్నే మెత్తగా, పరిమళంగా ఉంటుందని పాతకాలం నుంచీ చెప్పుకునే మాట. ఎండ సంవత్సరాల్లో ఆ తేడా చిన్నబోతుంది, సోన్_గట్టు గారు ఆ మేరకు సరిగానే గమనించారు.

మేడ్చల్_పందిరి

మా కుటుంబం హైదరాబాదు దగ్గర ద్రాక్ష పండిస్తుంది. మొదట అనాబ్-ఎ-షాహీ, తరువాత థామ్సన్. మావి తినే ద్రాక్షలు, పందిరి మీద పెరిగేవి. బర్గండీ వైన్ గురించి మీకున్నంత జ్ఞానం నాకు లేదు కానీ ఎండ గురించి, ద్రాక్ష గురించి చెప్పగలను.

మా దగ్గర తీగకు శీతాకాలపు నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తాం, ఆ రెండో కత్తిరింపు నుంచి లెక్క వేసుకుని ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాయ కోస్తాం. అంటే కాయ ఏ నెలలో పండాలన్నది చాలా వరకు మా చేతిలోనే ఉంటుంది. డ్రిప్‌తో నీరు ఇస్తాం, పందిరి ఆకులు గుత్తులకు గొడుగు పడతాయి. బర్గండీ రైతుకు ఇందులో ఏదీ లేదు. చలికాలం పోయాక తీగ ఎప్పుడు చిగురిస్తే అప్పుడే లెక్క మొదలు, కాపు తోటకు నీరు పెట్టే ఆచారమూ లేదు. కనుక ఎండ సంవత్సరంలో అతని చేతిలో మిగిలే పెద్ద నిర్ణయం ఒక్కటే, కోత ఏ రోజున అన్నది. ఆ చివరి పది రోజుల్లో ప్రతి రోజూ ఎంత విలువైనదో కాయ పండించిన వారికే తెలుస్తుంది. ఈ రోజు చూసిన తీపి ఎండ మండితే నాలుగో రోజుకు అంతే ఉండదు, ఎంతో పెరిగిపోతుంది.

సంవత్సరం మంచిదా కాదా అని అడగడం కన్నా, ఆ రైతు ఏ రోజున కత్తెర పట్టాడో కనుక్కుంటే సోన్_గట్టు గారికి జవాబు దొరుకుతుందని నా నమ్మకం.

సున్నపురాయి

మేడ్చల్_పందిరి గారు అసలు సంగతి చెప్పారు. 2022లో నేను కోతకు వెళ్లిన తోటలో యజమాని రోజూ పొద్దున్నే వరుసల మధ్య తిరిగి, వేర్వేరు చోట్ల నుంచి కాయలు తెంపి, రసం చప్పరించిన తరువాత గింజను మునిపళ్లతో కొరికేవారు. గింజ పచ్చగా ఉండి పళ్లకు అంటుకుంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగుకు తిరిగి పటుక్కున విరిగితే సిద్ధమైనట్టు. తీపిని కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఆయన జేబులోనే ఉండేది, కానీ తీపి ముందే వచ్చేసిన సంవత్సరంలో ఆ అంకెను నమ్మితే గింజ పచ్చిగా ఉండగానే కోసినట్టవుతుంది. గింజ కోసం ఎదురుచూస్తే ఆల్కహాల్ 14 దాటుతుంది. ఎండ సంవత్సరపు ఇరకాటం మొత్తం ఇదే. కొందరు 13 దగ్గర కోసి వగరు కాస్త పచ్చిగా ఉన్నా తాజాదనం కాపాడుకుంటారు, కొందరు ఆగి పూర్తిగా పండించి బరువును ఒప్పుకుంటారు. పక్కపక్క వరుసల యజమానులు ఇద్దరూ వారం తేడాతో కోస్తే, ఒకే మడి పేరు మీద రెండు వేర్వేరు వైన్లు వస్తాయి.

కోత కూడా తెల్లవారుజామున మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఆపేసేవాళ్లం. పెట్టెల్లోని ద్రాక్షను చల్లని గదిలో ఉంచి, చల్లబడిన తరువాతనే తొట్టిలో పోసేవారు. వేడి ద్రాక్ష తొట్టిలో పడితే పులియడం అదుపు తప్పి పరిమళం పోతుంది.

నిక్కచ్చి

అందరూ ఓపికగా వివరిస్తున్నారు కానీ, కొన్నవాడి ప్రశ్న అలాగే ఉండిపోయింది. బర్గండీలో ధర మడి పేరును బట్టి ఉంటుంది. ఈ ఊళ్లన్నీ ఉన్న కోట్ డోర్ వాలు మీద ప్రతి చిన్న మడికీ వేరే పేరు, వేరే గుణం ఉన్నాయన్న వాదన మీదనే 2015లో ఆ మడులకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. రైతు కోసిన తేదీ, ఆ ఏటి ఎండ కలిసి మడి గుణాన్ని మింగేస్తుంటే, ఆ పేరుకు అంత ధర ఎందుకు చెల్లించాలి?

పాత_సీసా

నిక్కచ్చి గారి ప్రశ్న న్యాయమైనది. నా అనుభవంలో చిన్న వయసులో సంవత్సరం గుణం పైకి తేలుతుంది, వయసు పెరిగేకొద్దీ మడి గుణం బయటికి వస్తుంది. అదే వాలు మీది న్వీ సాన్ జోర్జ్ అనే ఊరి 2003 సీసా ఒకదాన్ని పదిహేనేళ్ల తరువాత తెరిచినప్పుడు నేను ఉడికిన పండునే ఎదురుచూశాను. ఎండ ఇంకా తెలుస్తూనే ఉంది కానీ దాని అడుగున న్వీ వైన్లకు సహజమైన మట్టి వాసన, గరుకుదనం స్పష్టంగా నిలిచాయి. అన్ని 2003లూ అలా లేవు, చాలా వరకు ఆరిపోయాయి. 2019లో పులుపు అంతకన్నా ఎంతో మెరుగ్గా ఉంది కనుక దాని విషయంలో నాకు దిగులు లేదు.

నిక్కచ్చి

అంటే పదిహేనేళ్లు దాచగలిగినవారికే మడి పేరు పనికొస్తుందన్నమాట. మిగతావారు ఏమి కొనాలో కూడా చెప్పండి.

వగరు_ప్రియ

మిగతావారికి ఎండ సంవత్సరాలే వరం! పూర్వం చల్లని, ఎత్తైన ఊళ్లలో పినో న్వార్ సరిగా పండేది కాదు. ఓట్ కోట్ ద న్వీ, సాన్ రొమాన్, ఓసే దురెస్, ఉత్తరాన ఇరాన్సీ వంటి చోట్ల వైన్ పలుచగా, కొరుకుడు పడకుండా ఉండేది. ఇప్పుడు అవే ఎండ సంవత్సరాల్లో నిండుగా, తాజాగా వస్తున్నాయి. మార్సనే, ఫిసాన్ కూడా అంతే. ధర వోల్నే ప్రెమియే క్రూలో సగం కూడా ఉండదు. గొప్ప మడులు ఎండకు బరువెక్కుతుంటే చిన్న ఊళ్లు నిటారుగా నిలబడుతున్నాయి, ఇంతకన్నా తాగేవాడికి ఏం కావాలి?

సున్నపురాయి

దీనికి నేను చాలా వరకు ఒప్పుకుంటాను, కానీ "ఎత్తుకు వెళ్తే చాలు" అనే సూత్రంగా మార్చుకోకండి. వాలు పైభాగంలో గాలి చల్లనిదే అయినా మట్టి పొర పలుచన, కింద నేరుగా సున్నపురాయి తగులుతుంది. కరవులో అక్కడి తీగలే ముందు అల్లాడతాయి, లేత తీగలైతే మరీను. బంకమట్టి కలిసిన సున్నపు నేల నీటిని పట్టి ఉంచుతుంది. క్లో ద వూజోనే చూడండి, సుమారు 50 హెక్టార్ల ప్రహరీ తోట, 80 మందికి పైగా యజమానులు. రోడ్డు వైపు దిగువన ఉన్న బరువైన మట్టిని తరతరాలుగా తక్కువ చేసి మాట్లాడేవారు, నీరు నిలుస్తుందని. పొడి సంవత్సరంలో ఆ నీరు నిలిచే గుణమే తీగను కాపాడుతుంది. అలాగే జెవ్రే షాంబెర్టాన్‌లో లావో లోయ నోటి దగ్గరి మడులకు కొండల మధ్య నుంచి చల్లగాలి వస్తుంది, అక్కడ కాయ కొన్ని రోజులు ఆలస్యంగా పండుతుంది. చల్లని సంవత్సరాల్లో అది లోపం, వేడి సంవత్సరాల్లో భాగ్యం.

మడుల తరతమ భేదాలు చల్లని శతాబ్దాల్లో ఏర్పడ్డాయి. ఎక్కడ ముందుగా పండుతుందో దాన్ని పై మెట్టులో ఉంచారు. బోన్‌లో ద్రాక్ష కోత తేదీలను 1354 నుంచి వరుసగా కూర్చిన అధ్యయనం 2019లో వెలువడింది. 1987 వరకు సగటున సెప్టెంబరు 28న కోత మొదలయ్యేదని, 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగిందని అందులో తేలింది. పదమూడు రోజులంటే సెప్టెంబరు చివరి చల్లని రాత్రులకు బదులు సెప్టెంబరు మొదటి వెచ్చని రాత్రుల్లో కాయ పండుతోందన్నమాట. పై మెట్టు, కింది మెట్టు అన్న లెక్క ఎప్పటికీ అలాగే నిలుస్తుందని నేను అనుకోవడం లేదు, ఆ మాట అంటే ఇక్కడి పెద్దలకు కోపం వస్తుందని తెలిసినా సరే.

పాత_సీసా

నాకు కోపం రాలేదు, కానీ తొందరపాటు అనిపించింది. మంచి మడికి వేడితో పాటు నీరు నిలవకుండా ఇంకే గుణం, రాతి లోతు, వేరు దిగే దారి అన్నీ ఉంటాయి. ముందుగా పండటం ఒక్కటే వాటి గొప్ప కాదు.

సున్నపురాయి

అది నిజమే. ముదురు తీగల వేళ్లు రాతి పగుళ్లలోకి లోతుగా దిగి ఉంటే కరవును తట్టుకుంటాయి. మంచి మడుల్లో అలాంటి తీగలు ఎక్కువ.

కొత్తచిగురు

గుత్తిని తొడిమతో సహా పులియబెడితే వేడి సంవత్సరాల్లో వైన్ తాజాగా ఉంటుందని చదివాను. మరి తొడిమ వల్ల పులుపు పెరుగుతుందా?

పాత_సీసా

పెరగదు, నిజానికి కాస్త తగ్గుతుంది. తొడిమలోని పొటాషియం రసంలోకి దిగి ఆమ్లాన్ని తగ్గిస్తుంది. అయినా వైన్‌కు ఒక పచ్చి, మసాలా పరిమళం, ఒక బిగువు వస్తాయి కనుక నాలుకకు తాజాగా తోస్తుంది. తొడిమలోని నీటి వల్ల ఆల్కహాల్ కూడా కొద్దిగా తగ్గుతుంది. దీని మీద బర్గండీలో పాత తగాదా ఉంది. ఆన్రి జయే అనే పేరున్న తయారీదారు తొడిమలు పూర్తిగా తీసేసి తయారు చేసేవారు, మోరే సాన్ దెనీలో దుజాక్ సంస్థను స్థాపించిన జాక్ సేస్ తొడిమలతో సహా పులియబెట్టడానికి ప్రసిద్ధులు. ఇద్దరి వైన్లూ మహత్తరమైనవే. ఎండ సంవత్సరంలో తొడిమలు కూడా బాగా ముదురుతాయి కనుక ఆ పద్ధతి తేలిక.

సోన్_గట్టు

నేను ఆ తోట వివరాలు వెతికి చూశాను. వారు 2019లో తొడిమలన్నీ తీసేసి, పీపాల్లో దాదాపు మూడో వంతు కొత్త ఓక్ వాడారట. కోత తేదీ కూడా దొరికింది, సెప్టెంబరు మూడో వారం. ఆ చుట్టుపక్కల మిగతావారు అప్పటికే కోశారా, సున్నపురాయి గారూ?

మేడ్చల్_పందిరి

అయితే ఆయన గింజ కోసం ఆగిన రైతు. తప్పు పట్టవలసింది ఏమీ లేదు, ఆయన ఎంచుకున్న దారి అది. మీ నాలుకకు నప్పేది ముందు కోసే రైతు వైన్.

సున్నపురాయి

ఆ సంవత్సరం కోట్ డోర్‌లో సెప్టెంబరు రెండో వారం ప్రాంతంలోనే కోతలు ఊపందుకున్నాయి. కనుక మీ తోట ఆలస్యంగా కోసిన వాటిలోదే. వాలు మధ్యలో ఉన్న వెచ్చని మడి, ఆలస్యపు కోత, తొడిమలు లేకపోవడం, కొత్త ఓక్, ఈ నాలుగూ ఒకే వైపు తోస్తాయి. అదే 2019లో క్లో దె షేన్ పైభాగంలో వారం ముందు కోసిన ద్రాక్షతో చేసిన వైన్ మీకు పూర్తిగా వేరుగా కనిపించేది. సంవత్సరాన్ని నిందించవలసిన పని లేదు.

పైగా వయసు కూడా చూడండి. వోల్నే ప్రెమియే క్రూ మొదటి రెండు మూడేళ్లు పండు రుచితో ఆకట్టుకుని, ఆ తరువాత కొన్నేళ్లు ముడుచుకుంటుంది. ఆ దశలో పరిమళం దాక్కుని ఆల్కహాల్, ఓక్, వగరు విడివిడిగా తెలుస్తాయి. మిగిలిన సీసాలను ఇంకో ఐదారేళ్లు 12, 13 డిగ్రీల చోట పడుకోబెట్టి ఉంచండి.

వగరు_ప్రియ

లేదా నాకు పంపండి. నేను ఇప్పుడే ఇష్టంగా తాగుతాను.

విశాఖ_తీరం

భారతదేశానికి తెచ్చుకునే వారికి ఒక మాట. విమానంలో వచ్చేటప్పుడు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు కనుక చాలామంది ఒకటి రెండు మంచి సీసాలు తెస్తారు. తెచ్చాక వాటిని వంటింటి అలమరలో పెడతారు. మన వేసవిలో ఇంటి లోపల 35 డిగ్రీలు దాటిన చోట వైన్ వేడెక్కి ఉబ్బుతుంది, బిరడా పైకి నెట్టుకువస్తుంది, గాలి లోపలికి పోతుంది. అప్పుడు వచ్చే ఉడికిన పండు రుచి బర్గండీ ఎండది కాదు, మన అలమరది. దాచే ఉద్దేశం ఉంటే ఫ్రిజ్‌లో అడుగు అర మేలు. మంచి సంవత్సరమని తెచ్చిన సీసా రుచి చూసి ఆ సంవత్సరాన్ని తిట్టుకునే వారిని నేను ఎరుగుదును.

నిక్కచ్చి

ఎండ సంవత్సరపు సీసా కొనేముందు ఏమి అడగాలో నాకు ఇప్పుడు కొంత స్పష్టత వచ్చింది. కోత తేదీ, మడి ఎత్తు, మట్టి, తొడిమల సంగతి. కానీ దుకాణంలో ఇవి ఎవరు చెబుతారు?

పాత_సీసా

మంచి దుకాణమైతే చెబుతారు. చెప్పకపోతే అదే తయారీదారు వేరే ఎండ సంవత్సరపు ఊరి వైన్, అంటే మడి పేరు లేని చవకైన సీసా, ఒకటి ముందుగా కొని తాగండి. 2018లో ఆయన చేతి బరువు ఎలా ఉందో 2020లోనూ సుమారుగా అలాగే ఉంటుంది. తయారీదారు స్వభావం సంవత్సరాల కన్నా నిలకడైనది.

సోన్_గట్టు

మిగిలిన సీసాలను దాస్తాను. ఈలోగా సాన్ రొమాన్ 2020, ఫిసాన్ 2022 వెతుకుతున్నాను. 2022 కూడా వేడి సంవత్సరమే కదా, అది ఎలా ఉంటుంది?

సున్నపురాయి

2022 వేడి, పొడి సంవత్సరమే కానీ జూన్ చివర్లో గట్టి వానలు పడ్డాయి, జెవ్రే వైపు కుండపోత. ఆ నీటిని మట్టి దాచుకోవడం వల్ల ఆగస్టులో తీగలు ఆగిపోలేదు. పంట కూడా బాగా వచ్చింది, కనుక చిక్కదనం మితంగా ఉంది. మీకు 2019 బరువనిపిస్తే 2022 తప్పక నచ్చుతుంది.

మేడ్చల్_పందిరి

సున్నపురాయి గారికి ఒక ప్రశ్న. మేము ఎండకూ ఉప్పు నీటికీ తట్టుకుంటుందని డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీద అంటు కడతాం. అక్కడ వేరుమొక్కలు మారుస్తున్నారా? గుత్తుల మీద నీడ కోసం ఏం చేస్తున్నారు?

సున్నపురాయి

వేరుమొక్కల విషయం ఇక్కడ పెద్ద చర్చే. సున్నపు నేలకు సరిపోతుందని విరివిగా నాటిన 161-49 అనే రకం కరవు సంవత్సరాల తరువాత చాలా తోటల్లో తీగలు ఎండిపోవడానికి కారణమైంది. దాన్ని మానేసి ఎద్దడిని తట్టుకునే రకాల వైపు వెళ్తున్నారు, కానీ హెక్టారుకు 10,000 తీగలు ఉండే తోటను పీకి మళ్లీ నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది కనుక మార్పు మెల్లగా జరుగుతోంది. నీడ విషయంలో, పూర్వం గుత్తులకు గాలీ వెలుతురూ తగలాలని చుట్టూ ఆకులు తీసేసేవారు. ఇప్పుడు ఉదయపు ఎండ పడే వైపు మాత్రమే తీసి, మధ్యాహ్నపు వైపు ఆకు వదిలేస్తున్నారు. కొందరు తీగను కాస్త ఎత్తుగా పెరగనిచ్చి, పైచివరలు కత్తిరించకుండా చుట్టి కడుతున్నారు. మీ పందిరి కొలతలు, వరుసల మధ్య దూరం రాస్తే మా ఆచార్యులకు చూపిస్తాను, వారికి దక్కను సాగు మీద ఆసక్తి ఉంది.

మేడ్చల్_పందిరి

రేపు తోటకు వెళ్లి కొలిచి, ఫొటోలతో సహా వేరే చర్చగా పెడతాను.